నక్షత్రాలుండగా నాలుక దేనికి?

దేవుడు మనిషికి నాలుక ఇచ్చి పెద్ద పొరపాటు చేశాడు. ఫోన్‌లో నక్షత్రాలు పుట్టాక గానీ ఆ పొరపాటు దిద్దుబాటు కాలేదు!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను. నాలుకంటూ ఉన్నాక ఏం చేయాలి? తినాలి, నమలాలి, బాగుందో లేదో తేల్చుకోవాలి. ఎంత శ్రమ! అదే ఫోన్ తీశారనుకోండి, ముక్కూ మొహం తెలియని మహానుభావుడెవరో మనకంటే ముందే తిని, అరిగించుకుని, నాలుగున్నర నక్షత్రాలని తేల్చేసి ఉంటాడు. మనం మింగితే చాలు.

ఈ సంగతి తెలియని అమాయకులు స్పెయిన్‌లోని మా సరగోసాలో ఇంకా మిగిలే ఉన్నారు. వాసన బాగుందని హోటల్లోకి వెళ్ళిపోతారు! లోపల జనం నవ్వుతున్నారని వెళ్ళి కూర్చుంటారు! వాళ్ళలో ముఖ్యురాలు మా పై అంతస్తులో ఉండే రెమేదియోస్. అందరం రెమె అంటాం. ఇరవై ఏడేళ్ళుగా బడి వంటశాలలో రోజూ మూడొందల మంది పిల్లలకి వండి పెడుతోంది. మెట్లెక్కుతూ ఎక్కుతూ ఎవరింట్లో పప్పు అడుగంటుతోందో చెప్పేస్తుంది. అంటాక కాదు, అంటబోయే ముందు! అదీ ముక్కుతో! మనం ఏ కాలంలో ఉన్నాం?

ఆవిడ అదృష్టం కొద్దీ మొగుడు ఫెర్మిన్ మాత్రం ఈ కాలపు మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం చేసి మొన్న జనవరిలో రిటైరయ్యాడు. గోడకి సర్టిఫికెట్ కనబడకపోతే స్వర్గానికి పోయే లిఫ్టయినా ఎక్కడు. అలాంటివాడి చేతికి నక్షత్రాల ఫోన్ దొరికింది. ఇక చూస్కోండి!

జూలైలో బడికి సెలవులివ్వగానే ఇద్దరూ కారు తీశారు. పది రోజుల ప్రయాణం. తీరిగ్గా మన స్పెయిన్ తీరం వెంబడి పైకి పోయి, సరిహద్దు దాటి, దక్షిణ ఫ్రాన్సులో సెత్ అనే రేవు పట్నం దాకా. అక్కడే ముప్పయ్యో పెళ్ళిరోజు.

సెత్ ఎందుకంటారా? ముప్పయ్యేళ్ళ కిందట హనీమూన్‌కి పోతూ పోతూ కారు చెడిపోయి అక్కడ ఆగిపోయారు. కాలువ పక్కన ఓడిల్ అనే ఆవిడ ఆరు బల్లల కొట్టు నడిపేది. అక్కడ తియెల్ తిన్నారు. ఆక్టోపస్ ముక్కల్ని టమాటా కారంలో ఉడికించి, రొట్టెపిండిలో కూరి, మూతేసి కాల్చే వంటకం. మొదటి ముక్క నోట్లో పడగానే ఫెర్మిన్ కళ్ళు మూసుకుని, "రెమె, నీ మీద ఒట్టు, నేనిక్కణ్ణించి కదలను" అన్నాడట.

"ఆ మొహం ఇంకొక్కసారి చూడాలే" అని బయల్దేరే ముందు మా ఆవిడ నీవెస్‌తో చెప్పింది రెమె. "వచ్చే ఏడు నేనూ రిటైరవుతున్నా. యూరప్ అంతా కార్లో తిప్పుతానంటున్నాడు. కళ్ళు మూసుకుని తినే ఆ మనిషి లోపల ఇంకా ఉన్నాడా, ఎక్కడికైనా వెళ్తా. లేడా, మా అక్క దగ్గరికి పోయి ఉంటా. ఆయన్నే తిరగమను."

"అంత మాటెందుకే!" అంది నీవెస్.

"ముప్పయ్యేళ్ళు ఆయన పక్కన కూర్చున్నా. ఇంకో ముప్పయ్యేళ్ళు ఫోన్ పక్కన కూర్చోవడం నా వల్ల కాదు తల్లీ."

విన్నారా? నక్షత్రాలు మెరుస్తుండగా ఈవిడకి కళ్ళు మూసుకునే మొగుడు కావాలట! కళ్ళు మూసుకుంటే నక్షత్రాలెలా కనబడతాయి?

మొదటి మజిలీ టారగోనా. మధ్యాహ్నం మూడు, అంటే బుద్ధిమంతులైన స్పెయిన్ జనం భోజనానికి కూర్చునే వేళ. ఒక సందు మలుపులో రెమె టక్కున ఆగింది. చేపల రసంలో ఉడుకుతున్న అన్నం వాసన. చిన్న కొట్టు, నలుగురు ముసలివాళ్ళు పేకాడుకుంటున్నారు.

"ఇక్కడే" అంది రెమె.

"ఫోన్ జాబితాలో లేదు" అన్నాడు ఫెర్మిన్.

"కుండ పొయ్యి మీదుందయ్యా, జాబితా దేనికి?"

"లిఫ్టు కదులుతోంది కదా అని ఎక్కేస్తామా రెమె?"

ఎంత చక్కటి తర్కం! కిలోమీటరు నడిపించి నాలుగు పాయింటు ఏడు ఉన్నచోటికి తీసుకెళ్ళాడు. వరసలో నలభై నిమిషాలు నిలబడ్డారు. అక్కడ అందరూ పళ్ళేలకి ఫొటోలు తీస్తున్నారు, ఎవరూ తినడం లేదు. చివరికి అన్నం వచ్చింది, పలుకు మీద. రెమె ఒక ముద్ద తిని ఊరుకుంది. ఫెర్మిన్ రెండు బుగ్గలూ నింపుకుని నములుతున్నాడు.

"బాగుందా?" అడిగింది.

"ఉండు, చూసి చెప్తా" అని ఫోన్ తీశాడు!

ఇదీ క్రమశిక్షణంటే. నోట్లో ముద్దే ఉంది. అయినా తొందరపడి సొంత అభిప్రాయం చెప్పేశాడా? లేదు! మీలో ఎంతమందికుంది ఆ నిగ్రహం?

నక్షత్రాలు తిండితో ఆగవు సుమండీ. దారిలో సముద్రం కనబడితే రెమె చెప్పులు విప్పబోయింది. ఫెర్మిన్ ఆపాడు. ఆ సముద్రానికి మూడు పాయింటు తొమ్మిదే ఉంది, 'నీళ్ళు ఉప్పగా ఉన్నాయి' అని ఎవరో రాశారు. కొండ మీద మౌనవ్రతం పట్టిన సన్యాసుల మఠానికి వెళ్ళలేదు. ఎందుకు? 'పలకరించే దిక్కు లేదు' అని ఒంటి నక్షత్రం. ఒక పెట్రోల్ బంకులోని మరుగుదొడ్డికి మాత్రం నాలుగు పాయింటు ఎనిమిది ఉందని పంతొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్ళారు. అప్పటికి రెమెకి దాని అవసరం తీరిపోయింది, ఒక తుప్ప చాటున. ఆ తుప్పకి ఎన్ని నక్షత్రాలో ఎవరూ రాయలేదు, పాపం.

సరిహద్దు దాటారు. ఇక్కడ మనవాళ్ళకొక జబ్బుంది. స్పెయిన్ కడుపు మధ్యాహ్నం రెండున్నర దాకా నిద్ర లేవదు. ఫ్రాన్సులోనేమో రెండింటికి వంటింటి తలుపేస్తారు. కారు సరిహద్దు దాటుతుంది గానీ కడుపు దాటదు! ఇది తెలిసి కూడా ప్రతి స్పెయిన్ వాడూ ప్రతిసారీ అదే తప్పు చేస్తాడు. ఫెర్మిన్ ఇంకొక మెట్టు పైన ఉన్నాడు. పన్నెండు నుంచి రెండు దాకా హోటళ్ళని పోల్చుకుంటూ కూర్చున్నాడు. పెర్పిన్యాన్‌లో రెండూ పదికి లేచి వెళ్ళేసరికి కుర్చీలు బల్లల మీదికెక్కి ఉన్నాయి.

"అయిపోయిందండీ" అన్నాడు అక్కడి వడ్డించేవాడు.

"అయిపోవడమేంటి? మాకిప్పుడే ఆకలి మొదలైతేనూ!" అని ఫెర్మిన్ విరుచుకుపడ్డాడు.

"అది మీ దేశం సంగతి" అన్నాడతను, నేల తుడుచుకుంటూ.

సూపర్ మార్కెట్ బయట, కార్లో కూర్చుని బిస్కెట్లు తిన్నారు. మర్నాడు నార్బోన్‌లోనూ అదే కథ, అవే బిస్కెట్లు. రెమె కడుపులో ఎలుకలు పరిగెత్తడం మానేసి పడుకున్నాయి.

"ఇదిగో ఫెర్మిన్" అంది పొట్లం మడిచి. "గురువారం మన పెళ్ళిరోజు. పన్నెండింటికి ఓడిల్ కొట్లో బల్ల ముందు కూర్చుంటాం. నువ్వు నా ఎదురుగా కూర్చుంటావు. ఇంకేం అడగను నిన్ను."

"తప్పకుండా" అన్నాడు ఫెర్మిన్. మనసారా అన్నాడు కూడా. చెడ్డవాడు కాదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

గురువారం పన్నెండుకి పది నిమిషాల ముందే కాలువ గట్టున ఉన్నారు. అదే కొట్టు, అదే పచ్చ తలుపు, అవే ఆరు బల్లలు. ఓడిల్‌కి ఎనభై దాటాయి, జుట్టు నెరిసింది, గరిటె మాత్రం చేతిలోనే ఉంది. రెమెకి గడపలోనే వాసన తగిలి కళ్ళు చెమ్మగిల్లాయి.

వెనక్కి తిరిగి చూస్తే ఫెర్మిన్ వీధిలో నిలబడి ఫోన్ చదువుతున్నాడు.

"మూడు పాయింటు రెండు, రెమె."

"అయితే?"

"'బల్ల కదులుతోంది' అన్నారు. 'ముసలావిడ కసిరింది' అన్నారు. 'మెనూ లేదు, ఏదుంటే అదే పెడుతుంది'... ముప్పయ్యో పెళ్ళిరోజు మూడు పాయింటు రెండులోనా?"

"నిన్ను చేసుకున్నప్పుడు నీకెన్ని ఉన్నాయో చూసే చేసుకున్నానా?"

"ఒక్క నిమిషం. వంతెన అవతల నాలుగు పాయింటు ఆరుంది. చూసొస్తా, నువ్వు కూర్చో."

రెమె కూర్చుంది. ఓడిల్ వచ్చి, "ఒక్కరేనా?" అని అడిగింది.

"ఇద్దరం. ఒకాయన చదువుకుంటున్నాడు."

రెండు తియెల్‌లు వచ్చాయి. రెమె ఆగింది. పన్నెండున్నరైంది, ఒంటిగంటైంది. ఎదురు కుర్చీ ఖాళీగానే ఉంది. ఒంటిగంటన్నరకి ఓడిల్ వచ్చి, చల్లారిపోయిన రెండు పళ్ళేలూ తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చింది. "తినమ్మా. మగాళ్ళు చల్లారినా మళ్ళీ వేడి చేసుకోవచ్చు, ఇది రెండోసారి వేడి చేస్తే పాడైపోతుంది" అని కసిరింది. కసరడం మాట నిజమే!

వంతెన అవతలి హోటల్లో రాత్రి తొమ్మిది దాకా బల్ల దొరకదన్నారు. ఫెర్మిన్ పరుగెత్తుకుంటూ తిరిగొచ్చేసరికి రెండూ అయిదు. తలుపుకి గొళ్ళెం పడింది. అద్దంలోంచి చూశాడు. రెమె ఆఖరి ముక్క నములుతోంది. ఆవిడది కాదు, ఆయన తియెల్‌లో ఆఖరి ముక్క! కళ్ళు మూసుకుని ఉంది. ఏ మొహం చూద్దామని అంత దూరం వచ్చిందో ఆ మొహం తనే పెట్టుకుని కూర్చుంది.

బయటికొచ్చాక అడిగాడు. "ఎలా ఉంది?"

"చూసి చెప్పు. ఫోన్‌లో ఉంటుందిగా."

ఆ సాయంత్రం కాలువ గట్టు మీద ఒకే బెంచీ మీద ఇద్దరూ రెండు కొసల్లో కూర్చున్నారు. రెమె కూడా ఫోన్ తీసి ఏదో టైప్ చేస్తోంది. హమ్మయ్య, దారికొచ్చిందనుకున్నాడు ఫెర్మిన్. ఆవిడ మాత్రం అక్కడి నుంచే మా నీవెస్‌కి కబురు పెట్టింది. 'ఆ మనిషి లేడే. అక్కకి చెప్పు, గది సర్దమని.'

కాసేపటికి ఫెర్మిన్ ఎగిరి గంతేశాడు.

"రెమె! ఓడిల్ కొట్టుకి ఇప్పుడే ఎవరో అయిదు నక్షత్రాలిచ్చారు! మన భాషలోనే! విను. 'ముప్పయ్యేళ్ళ కింద ఎలా ఉందో అలాగే ఉంది. పిండి పల్చన, కారం నిదానంగా ఎక్కుతుంది, ఆక్టోపస్ వెన్నలా ఉంది. పన్నెండింటికే వెళ్ళండి. మీకిష్టమైన మనిషిని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళండి.' ఆహా! పేరు 'మూడొందల పళ్ళేలు'. ఎవరో గానీ తిండి తెలిసిన మహాతల్లి. ఇలాంటి మనిషి మాట వినాలి, రెమె!"

రెమె తన ఫోన్ బ్యాగులో పెట్టుకుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? అదే చెట్టు ఆకు ఫోన్‌లోంచి రాలితే సంజీవిని!

శుక్రవారం పదకొండున్నరకే పచ్చ తలుపు ముందు ఫెర్మిన్ నిలబడ్డాడు. తలుపు తీయగానే రెమెని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. రివ్యూలో అలాగే రాశారు మరి! తియెల్ వచ్చింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఫోన్ పక్కనే ఉంది, చెయ్యి దానిమీదికి పోయింది. సగంలో ఆగిపోయింది.

కళ్ళు మూసుకున్నాడు.

రెమె ఊపిరి బిగబట్టి చూసింది. మీసం లేదు, జుట్టు లేదు, మొహం మాత్రం అదే.

"రెమె, నీ మీద ఒట్టు" అన్నాడు. "ఆ మహాతల్లి చెప్పింది అక్షరాలా నిజం."

రెమె తన ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. ఫెర్మిన్ చదివాడు. పేరు చదివాడు. బడి పిల్లల్ని లెక్కేసుకున్నాడు కాబోలు, చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వా! మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"ముప్పయ్యేళ్ళుగా చెప్తూనే ఉన్నానయ్యా."

తిరుగు ప్రయాణంలో కారు రెమె నడిపింది, కిటికీ అద్దం దింపుకుని, గాలి వాసన చూస్తూ. ఫెర్మిన్ పక్క సీట్లో కూర్చున్నాడు. టారగోనాలో ఆ పేకాట ముసలాళ్ళ కొట్లో అన్నం తిన్నారు. అక్కగారి గది సర్దనక్కర్లేదని నీవెస్‌కి మళ్ళీ కబురొచ్చింది.

కాబట్టి పాఠకులారా, ఇప్పటికైనా ఒప్పుకుంటారా? నక్షత్రాలే లేకపోతే భార్య మాట మొగుడి చెవిదాకా చేరే దారేది? అందుకే నేనూ రోజూ చదువుతాను. భోజనాల దగ్గర నీవెస్ ఏదో చెబుతూనే ఉంటుంది, నేను చదువుతూనే ఉంటాను.

నిన్న మా ఊరి ఎబ్రో నది ఒడ్డున ఉన్న మూడో బెంచీ గురించి ఎవరో కొత్తగా రాశారు. 'సాయంత్రం ఏడింటికి గాలి బాగుంటుంది. ఇద్దరికి సరిపోతుంది. నేనొక్కదాన్నే వస్తున్నాను.' నాలుగు నక్షత్రాలు.

ఎవరో పాపం, చదవగానే మనసు కలుక్కుమంది. మనిషి మాత్రం నమ్మదగ్గదిలా ఉంది. నీవెస్‌కి చదివి వినిపిద్దామని పిలిచాను. ఇంట్లో లేదు. ఈ మధ్య రోజూ ఏడింటికి ఎక్కడికో వెళుతోంది.