బండికి చలువ

తెల్లారగానే బయలుదేరి, ఎండ ముదరకముందే గుజరాత్ దాటాలన్నది పరుశురాం ప్లాను. సిరిసిల్లలో కూతురు జమునకు నెలలు నిండాయి. లాక్‌డౌన్‌లో ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా దొరికిన పాసు ఆ ఒక్క రోజుకే. సూరత్ నవాగామ్‌లో వాళ్ల గది ముందు పాత వ్యాను సిద్ధంగా ఉంది.

రేడియేటరు మాత్రం సిద్ధంగా లేదు. స్టార్ట్ చేసిన కాసేపటికే ఇంజను పొగలు కక్కింది. షాపులన్నీ బంద్. మెకానిక్కు సోమలింగం ఫోన్లోనే వైద్యం చెప్పాడు. "హీటరు ఫుల్లు పెట్టి నడుపు భాయ్. ఇంజను వేడంతా లోపలికి గుంజుకుంటది."

"ఎవలి లోపలికి?" అంది పరుశురాం భార్య సారక్క.

"బండి లోపలికే."

"బండిల ఎవలుంటరు?"

పరుశురాం బండెక్కాడు. హీటరు ఫ్యాను పాడై చాన్నాళ్లయింది. సూరత్‌లో దానితో ఎవరికి పని? డాష్‌బోర్డు కింద తల దూర్చి ఊడదీశాడు. జోల్వా మిల్లులో అతను నడిపే మరమగ్గాల దుమ్మంతా అందులోనే చేరినట్టుంది. దులిపి, మగ్గానికి పోసే నూనె పోశాడు. స్విచ్చు పనిచేయకపోతే, మగ్గానికి చేసినట్టే తీగలు డైరెక్టుగా కలిపేశాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"మరి ఆపుడెట్ల?"

"ఆపుడెందుకే? దారంతా తిరగాల్నాయె."

మే నెల ఎండలో వేడిగాలి మొహాన కొడుతుంటే, నూనె వాసనకు దగ్గుకుంటూ ఇద్దరూ గుజరాత్ సరిహద్దు చెక్‌పోస్టు చేరారు. నర్సు సారక్క నుదుటికి థర్మామీటరు గురిపెట్టి చూసి, రెండడుగులు వెనక్కి జరిగింది. పరుశురాంది చూసి ఇంకో రెండు.

"బుఖార్ నహీ మేడమ్, హీటర్ హై," అన్నాడు పరుశురాం.

"మే నెలలో హీటరా?" అన్నాడు కానిస్టేబుల్ హిందీలో. "మరి దగ్గు?"

"అది నూనెది సాబ్."

ఇద్దరినీ టెంటు కింద కూర్చోబెట్టారు. అంబులెన్సు వచ్చి తీసుకెళుతుందట.

"బిడ్డ ఆడ నొప్పులు పడుతుంటే మనం ఈడ బీమారోళ్లమైతిమి. నీ రిపేరు పాడుగాను," అంది సారక్క.

"ఇంజనైతే సల్లగున్నది గదా."

సారక్క అతనికేసి చూసింది. అతను టెంటు గుడ్డకేసి చూశాడు.

దారికి అడ్డంగా ఉన్న వ్యానును పక్కకు పెడదామని కానిస్టేబుల్ ఎక్కాడు. వెనక లారీలు నిలిచిపోయి ఉండటంతో ముందుకూ వెనక్కూ తిప్పుతూ చాలాసేపు అందులోనే ఇరుక్కుపోయాడు. దిగేసరికి యూనిఫాం తడిసి ముద్దయింది, దగ్గు ఆగడం లేదు. నర్సు అతని నుదుటికీ గురిపెట్టి, టెంటులో మూడో కుర్చీ చూపించింది.

"నాకు జ్వరం కాదు మేడమ్. ఆ బండిలో హీటరు..." అని సగంలో ఆగిపోయాడు.

నర్సు మొగుడూ పెళ్లాలకు మళ్లీ థర్మామీటరు పెట్టి చూసింది. నీడలో కూర్చున్నందుకు ఇద్దరి ఒళ్లూ మామూలుగా ఉన్నాయి. కానిస్టేబుల్ దగ్గుతూనే వెళ్లి అడ్డుకర్ర ఎత్తాడు.

మర్నాడు సిరిసిల్ల దవాఖానలో జమునకు ఆడపిల్ల పుట్టింది.

"పాప సన్నగున్నది. జర వెచ్చగ ఉంచాలె," అంది అక్కడి నర్సు.

పరుశురాం నోరు తెరవబోయాడు. సారక్క అతని జేబులోంచి బండి తాళం తీసేసుకుంది.