ఆరంగుళాలు ఎత్తిన బండి

మంగళవారం పొద్దున పది గంటలకల్లా అత్తగారిని మోకాళ్ళ డాక్టరు దగ్గర దించాలి, పదకొండుకు మళ్ళీ పనిలో ఉండాలి. మేస్త్రి అనుకున్నది అంతే. ఆయన తలుపులూ మంచాలూ చేసే వడ్రంగి. చేసినవాటిని తన పికప్ బండిలో తనే చేరవేస్తాడు. ఆ డాక్టరు నెలకు ఒక్కరోజే వస్తాడు, పన్నెండు కొట్టగానే వెళ్ళిపోతాడు. మూడు నెలలు కాచుకుంటే అత్తగారికి ఈ రోజు దొరికింది.

అసలు ఆవిణ్ణి తీసుకెళ్ళవలసింది ఆవిడ కొడుకు. అతనికి నాలుగు చక్రాలూ లాగే జీపుంది. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు చెబుతాడు. పోయిన నెల అందరూ భోజనాల దగ్గర ఉండగా, "మా బావ బండికి వెనక రెండు చక్రాలే లాగుతాయి. ముందు రెండూ బావలాగే ఊరికే వెంట వస్తాయి" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు ఆయనకు ముల్లులా దిగింది.

మర్నాడే మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు.

"నాలుగు చక్రాలూ లాగేలా చేసిపెట్టు."

"అది ఈ బండితో అయ్యే పని కాదు మేస్త్రీ. కావాలంటే ఎత్తు పెంచుతా. వెనక కమాన్ల కింద ఇనప దిమ్మలు, ముందు స్ప్రింగుల మీద బిళ్ళలు, నాలుగు పెద్ద టైర్లు. చూసినవాడు నాలుగూ లాగే బండే అనుకుంటాడు."

"లాగుతుందా మరి?"

"చూడ్డానికి లాగుతుంది."

మేస్త్రికి ఆ మాట చాలింది. బండి ఆరంగుళాలు లేచింది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "ఇప్పుడు నాలుగూ లాగుతాయి" అని చెప్పుకున్నాడు. ఎవరికైనా నోరు ఒకసారి జారుతుంది. ఆయనకు వారం రోజులు జారుతూనే ఉంది. చివరికి బావమరిదికి ఫోను చేసి, "మీ అమ్మను నేనే తీసుకెళ్తాలే. నువ్వు నీ జీపు కడుక్కో" అన్నాడు.

తొమ్మిదింటికి అత్తగారు చేతికర్రతో వాకిట్లోకి వచ్చింది. మేస్త్రి బండి తలుపు తీశాడు. సీటు ఆవిడ గడ్డానికి కాస్త కిందుగా ఉంది.

"అల్లుడూ, ఇది ఎక్కడానికా, చూడ్డానికా?"

"ఎక్కడానికే అత్తయ్యా. స్టూలు వేస్తాను."

స్టూలు వేశాడు. స్టూలు ఎక్కడానికి పీట వేశాడు. పీట మీద ఒక కాలు, స్టూలు మీద ఒక కాలు పెట్టి అత్తగారు ఆగిపోయింది. ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. భార్య వెనకనుంచి తోసింది. మేస్త్రి లోపలికి దూరి చేతులు పట్టి లాగాడు.

"నొప్పి మోకాళ్ళకు నాయనా! బాగున్నవి చేతులొక్కటే, వాటినీ ఊడబీకకు!"

"పోనీ తమ్ముణ్ణి పిలవనా అండీ?" అంది భార్య.

"అక్కర్లేదు!" అన్నాడు మేస్త్రి. ఆ కేకకు ఎదురింటి కుక్క లేచి కూర్చుంది.

వడ్రంగికి వడ్రంగి ఉపాయమే తడుతుంది. ఎవరి ఇంటికో చేసిన కొత్త తలుపు కొట్టులో ఉంది. దాన్ని తెచ్చి బండి వెనక ఏటవాలుగా ఆనించాడు. అత్తగారిని చేతుల కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ కాళ్ళకు సబ్బు రాసి, తాడు కట్టి తాను పైనుంచి లాగాడు, భార్య కిందినుంచి తోసింది. కుర్చీ పైకి చేరింది. అది కదలకుండా నాలుగు వైపులా తాళ్ళు బిగించాడు. దింపడానికి కావాలని తలుపును కూడా బండిలో వేశాడు.

"నన్నేమిటి, అమ్ముడుపోయిన బీరువాలా కట్టావు?"

"పది నిమిషాలే అత్తయ్యా."

నిజంగానే పది నిమిషాల దారి. మొదటి మలుపు కుడికి. మేస్త్రి కుడికి తిప్పగానే పెద్ద టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుని గేదె అరిచినట్టు అరిచింది. చక్రం అంతకుమించి తిరగనంది.

"ఏమైందండీ?" అంది పక్కన కూర్చున్న భార్య.

"ఏం కాలేదు. ఇటు రోడ్డు బాగుండదు" అని ఎడమకు తిప్పాడు. ఎడమకు హాయిగా తిరిగింది. మూడుసార్లు ఎడమకు తిరిగితే ఒకసారి కుడికి తిరిగినట్టే కదా అని మనసులో అనుకున్నాడు. ఆలోచన తప్పు కాదు. కాని ఆసుపత్రికి కుడి మలుపులు ఐదున్నాయి.

మొదటిసారి సెలూన్ ముందునుంచి వెళ్ళినప్పుడు గడ్డం గీస్తున్న ఆయన కత్తి ఆపి చూశాడు. రెండోసారికి గీయించుకుంటున్న ఆయన కూడా సగం నురగతో బయటికి వచ్చాడు. మూడోసారి ఇద్దరూ చెయ్యి ఊపారు. ఊపకపోతే మర్యాద కాదని అత్తగారు కూడా ఊపింది.

"అల్లుడూ!" అని వెనకనుంచి కేక వేసింది. "ఈ సెలూనాయనకు ఎన్ని కొట్లున్నాయి?"

"అమ్మ అడుగుతోంది, చెప్పండి" అంది భార్య.

మేస్త్రి మళ్ళీ ఎడమకు తిప్పాడు. తేలు కుట్టిన దొంగకు నోరుండదు. చెవులు మాత్రం కాలుతున్నాయి.

ఆసుపత్రి చేరేసరికి పదకొండున్నర. పాతకాలం కట్టడం. ఏడు మెట్లెక్కితే వసారా, వసారాలో డాక్టరు గది. కింది మెట్టు దగ్గర తొమ్మిదిమంది ముసలివాళ్ళు మోకాళ్ళు పట్టుకుని, ఎక్కాలా వద్దా అని చూస్తూ కూర్చున్నారు. బావమరిది జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ తిరిగొచ్చావు బావా? నేను పదికే వచ్చా. అమ్మనలా కట్టేశావేంటి?"

"గాలి బాగా తగులుతుందని."

"అరగంటలో డాక్టరు లేచిపోతాడు. వసారా దాకా వెనక్కి పెట్టు. గడ్డి తడిగా ఉంది, అయినా నీకేం, నాలుగూ లాగుతాయిగా!"

మేస్త్రి గేరు మార్చాడు. వెనక్కి పోనిచ్చాడు. బండి తోక వసారాకు ఆనుకుంది. ఆనుకున్నాక సర్దుదామని కాస్త ముందుకు పోనిచ్చాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగి బురద చిమ్మి, ఉన్నచోటే రెండంగుళాలు దిగాయి. ముందు చక్రాలు ఆ పని తమది కానట్టు చూస్తూ నిలబడ్డాయి. బావమరిది వంగి చూశాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. నవ్వుతున్నాడు.

"బావా! ముందువి ఇంకా వెంటే వస్తున్నాయే!"

మెట్ల దగ్గరున్న వాళ్ళంతా విన్నారు. భార్య తల తిప్పుకుంది. ఈసారి నవ్వలేదు. నవ్వినా బాగుండేదని మేస్త్రికి అనిపించింది.

ఆ గొడవలో అత్తగారిని ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ తాళ్ళు పక్కకు నెట్టి కుర్చీలోంచి లేచి, కర్ర ఊనుకుంటూ బండి చివరిదాకా వచ్చి, వసారాలోకి ఒక్క అడుగు వేసింది. బండి తొట్టి అడుగూ వసారా గచ్చూ ఒకే మట్టంలో ఉన్నాయి. ఏడు మెట్లలో ఒక్కటీ ఎక్కకుండా డాక్టరు గది ముందు నిలబడింది.

"అబ్బో, కొలత తీసి చేయించినట్టుందే!" అంది కిందనుంచి ఒక పెద్దావిడ.

"మా అల్లుడు" అంది అత్తగారు, ఆ తొమ్మిదిమందికీ వినబడేలా. "నా మోకాళ్ళ కోసమే బండి ఎత్తు చేయించాడు."

"కొడుకులు లేరా?"

"ఉన్నాడు. వాడికి జీపుంది."

బావమరిది నవ్వు అక్కడితో ఆగింది. తర్వాత అతనే వచ్చి తలుపును బండి పక్కగా వసారాకు ఏటవాలుగా ఆనించాడు. కుర్చీ దించి, తాడు ఒక కొస తాను, ఒక కొస మేస్త్రి పట్టుకుని తొమ్మిదిమందినీ ఒక్కొక్కరినే లాగి వసారాలోకి చేర్చారు. అది చూసి డాక్టరు రెండింటిదాకా ఉండిపోయాడు. పైకి చేరిన ప్రతివాళ్ళూ మేస్త్రి చెంప నిమిరి, "ఇలాంటి అల్లుడు ఎవరికుంటాడు నాయనా!" అన్నారు. ఒక్కొక్క దీవెనకూ ఆయన తల ఒక్కొక్క అంగుళం కిందికి దిగింది. లెంపకాయలైనా ఇంతకంటే తేలిగ్గా ఓర్చుకునేవాడు.

ఇక పట్టలేక, మందుల చీటీతో బల్ల మీద కూర్చున్న అత్తగారి దగ్గరికి వెళ్ళి వంగాడు.

"అత్తయ్యా, మీ కోసం ఎత్తించలేదు. మీ అబ్బాయి నవ్వాడని ఎత్తించాను. నాలుగు చక్రాలూ లాగవు. అదంతా అబద్ధం. కుడికి తిరగదు కూడా."

అత్తగారు అటూ ఇటూ చూసింది. పక్క బల్ల మీది ఆడవాళ్ళు ఆవిడ వైపే చూస్తున్నారు.

"మెల్లిగా నాయనా. ఆ మాట ఇంటికెళ్ళాక చెబుదువుగాని. ఇక్కడ నాకు పరువుంది."

నిజం చెప్పుకునే వీలు కూడా పోయి, మేస్త్రికి మిగిలింది ఆ ఆరంగుళాల ఎత్తు ఒక్కటే.