తరుగు తీసిన పరుగులు

ఒక పెద్ద అడవిలో, నీళ్ళకు కరువొచ్చినా క్రికెట్‌కు కరువు రాని అడవిలో, ఐదు రోజుల మ్యాచి అంటే పెళ్ళికంటే పెద్ద సంబరం. ఏటా ఎండలు ముదిరే ముందు ఏటి అవతలి అడవితో ఒక టెస్టు ఆడేవారు. గెలిచినా, కనీసం డ్రా చేసుకున్నా ఎగువనున్న చల్లమడుగు ఆ వేసవంతా వీళ్ళదే. ఓడితే దాన్ని అవతలివాళ్ళకు వదిలేసి, దిగువన అడవిదున్నలు పొర్లే బురదగుంటలో గొంతు తడుపుకోవాలి.

కిందటేడు ఆ మడుగును నిలబెట్టింది ఓబులేశు అనే కొండముచ్చు. ఆఖరి రోజు వేలు విరిగినా బ్యాటు వదలకుండా, పొద్దుగూకే దాకా క్రీజులో నిలబడి సెంచరీ కొట్టాడు, మ్యాచి డ్రా చేశాడు. ఆ వేసవిలో పిల్లాజెల్లా కడుపునిండా నీళ్ళు తాగారంటే వాడి చలవే.

అందుకని ఈ ఏడు మ్యాచికి ముందు, ఇంతవరకూ పుట్టిన బ్యాట్స్‌మన్లందరిలో మేటి అని వాడికి బిరుదు ఇద్దామని పంచాయతీలో ఎవరో అన్నారు. అన్నవాళ్ళ ఉద్దేశం మంచిదే. చిక్కల్లా ఆ బిరుదు అప్పటికే ఇంకొకరి దగ్గర ఉండటం.

ఆయన తాబేలు తాత కూర్మయ్య. ఆయన బ్యాటు కింద పెట్టి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. ఆయన ఆట చూసినవాళ్ళు ఒక్కరూ బతికి లేరు. ఆయన ఆటకు మచ్చ రాకపోవడానికి అదే కారణం.

"హెల్మెట్ పెట్టుకుని ఆడేది కూడా ఒక ఆటేనా?" అని తాత మెడ బయటికి చాచాడు. "మా కాలంలో పిచ్ మీద ముళ్ళకంపలుండేవి. వాన పడితే చేపలు ఎగిరేవి. ఇప్పుడు తిన్నె అలికినట్టు అలికి పెడుతున్నారు. దాని మీద మా ఆవిడైనా సెంచరీ కొడుతుంది."

ఓబులేశు తలకు పెట్టుకునేది ఎండిన సొరకాయ బుర్ర. దాన్ని చేత్తో పట్టుకుని వెనక వరసలో కూర్చున్నాడు. "తాతా, అవతలి చిరుత వేసే బంతి ఒకసారి చూడండి. ఆ తర్వాత బుర్ర సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు.

అప్పుడు లేచాడు నక్క నాగభూషణం. ఇదివరకు ధాన్యం కమీషన్ వ్యాపారం చేసేవాడు. రైతు బస్తా దించగానే తేమకింత, తాలుకింత, మట్టికింత అని తరుగు తీసి, చివరికి రైతు చేతిలో గోనెసంచి పెట్టేవాడు. ఇప్పుడు మ్యాచిలకు కామెంటరీ చెబుతున్నాడు. ఎవరు గొప్ప అనే వాదన నడిచినంత కాలమే ఆయనకు గిరాకీ.

"ప్రెసిడెంటు గారూ, గొడవెందుకండీ? లెక్క చూద్దాం" అన్నాడు. "ఓబులేశు సెంచరీ కొట్టాడు. కాదనను. కానీ సరుకు ఎంత ఉందో చూసి తరుగు తియ్యాలా వద్దా? పిచ్ చదునుగా ఉంది, దానికి కొంత తరుగు. సొరకాయ బుర్రకి కొంత. బ్యాటు మందంగా ఉంది, దానికి కొంత. బౌండరీ దగ్గరికి జరిపారు, అదొకటి. సొంత అడవిలో ఆడాడు, దానికీ కొంత. అవతల వికెట్ కీపరుకి ఆ రోజు జలుబు."

"జలుబుక్కూడానా?" అన్నాడు ఓబులేశు.

"జలుబు చేసినవాడు క్యాచి వదిలేస్తాడు కదా నాయనా!"

"వాడు ఏ క్యాచీ వదల్లేదయ్యా!"

"వదిలి ఉండేవాడు" అని నక్క తీర్పు చెప్పినట్టు చెప్పాడు. చప్పట్లు మోగాయి. అన్ని తరుగులూ తీశాక ఓబులేశు పరుగులు సున్నా దాటి కిందికి దిగాయి. ఉల్టా వాడే అడవికి కొన్ని పరుగులు బాకీ అని తేలింది.

తాబేలు తాత లెక్క మాత్రం ఇంకోలా నడిచింది. ఆయనకు తరుగు లేదు, కొసరు ఉంది. ముళ్ళకంపకు కొసరు. చేపలకు కొసరు. ఆయన ఆట ఎవరూ చూడలేదు పాపం, దానికి పెద్ద కొసరు.

ఓబులేశు ఉండబట్టలేక, "మరి తాత గారి డిప్ప సంగతేమిటి? ఆయనకు ఒళ్ళంతా హెల్మెట్టే కదా!" అన్నాడు.

"అది పుట్టుకతో వచ్చింది. దానికి తరుగు తీస్తే దేవుడికి తరుగు తీసినట్టు" అన్నాడు నక్క.

ప్రెసిడెంటు ఏనుగు గారు చప్పట్లు ఎటు ఎక్కువ వినబడితే అటు తలూపే మనిషి. తలూపారు. బిరుదు తాతకే ఖాయమైంది. తాత కళ్ళు సంతోషంతో చెమర్చాయి. అక్కడితో లేచిపోయి ఉంటే ఏ బాధా లేకపోను.

కానీ అడవిపంది వరాలమ్మ నిలబడింది. వెనక బోలెడు పిల్లలు. ఆమెకు వెటకారం తెలియదు, పెద్దలు చెప్పింది చెప్పినట్టు నమ్ముతుంది.

"అయ్యా, నాకు లెక్కలు రావు. ఇంత గొప్పాయన మన మధ్యనే ఉంటే, బాకీ పడ్డవాణ్ణి దింపడం దేనికి? ఓబులేశు జాగాలో తాత గారినే ఆడించండి. నా పిల్లలు మనం ఓడిన ఏడు బురదనీళ్ళు తాగి రెండు రోజులు లేవలేదు."

సభ గతుక్కుమంది. తాత మెడ సగం లోపలికి పోయింది. "నా వయసు..." అన్నాడు.

"వయసుకి కొసరు" అన్నాడు నక్క, అలవాటు కొద్దీ. అన్న తర్వాత నాలిక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఏనుగు గారు తలూపేశారు.

మ్యాచి ఐదో రోజుకు వచ్చింది. సాయంత్రం దాకా నిలబడితే చాలు, డ్రా. మూడో వికెట్ పడగానే తాత దిగాలి. నడిచి వెళ్తే టైమవుట్ ఇస్తారని వరాలమ్మే ఆయన్ని వీపు మీద ఎక్కించుకుని క్రీజులో దించింది. "మా బతుకులు నీ చేతిలో ఉన్నాయి తాతా" అని దండం పెట్టి వచ్చింది. ఓబులేశు బౌండరీ గీత అవతల కూర్చున్నాడు. చేతిలో బ్యాటు ఉంది, ఆడమనే నాథుడు లేడు.

చిరుత పరుగెత్తుకొచ్చింది. బంతి కనబడే లోపలే తాత తనకు తెలిసిన ఒకే ఒక్క షాటు ఆడాడు. తలా కాళ్ళూ డిప్పలోకి లాగేసుకుని వికెట్లకు అడ్డంగా కూలబడ్డాడు. బంతి డిప్పకు ఠంగుమని తగిలింది. అంపైరు కొంగ వేలెత్తింది.

"ఏమిటది?" అని డిప్పలోంచి కేకేశాడు తాత.

"ఎల్‌బీడబ్ల్యూ."

"మా కాలంలో ఆ రూలు లేదే!"

అలా బయటపడింది తాత రికార్డుల గుట్టు. వెనకటికి ఆ రూలు లేని రోజుల్లో ఆయన వికెట్లకు అడ్డంగా పడుకుని నిద్రపోయేవాడు, బంతులు డిప్పకు తగిలి బౌండరీకి పోయేవి. ఇప్పుడు తెలిసి మాత్రం ఏం లాభం? మిగతావాళ్ళు వరసగా పెవిలియన్ చేరారు. పొద్దు వాలక ముందే మ్యాచి పోయింది, మడుగు పోయింది.

వరాలమ్మ పిల్లల్ని వెంటేసుకుని బురదగుంటకు నడిచింది. నాకు నక్క మీద కోపం వచ్చేది ఇక్కడ కాదు. ఆ సాయంత్రం ఓబులేశు బ్యాటు చెట్టుకొమ్మకు తగిలించి, "ఇక నేను ఆడను, నాకు చేతులెత్తి దండం పెట్టినా ఆడను" అన్నాడు చూడండి, ఆ తర్వాత.

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, నక్క గొంతు బొంగురుపోయింది. "అలాంటి బ్యాట్స్‌మన్ మళ్ళీ పుడతాడా? విరిగిన వేలితో! ఆ భయంకరమైన పిచ్ మీద!"

తాబేలు తాత కన్నీళ్ళు తుడుచుకున్నాడు. "నేను ఎప్పుడూ అనే మాటే. మేటి అంటే ఓబులేశే. ఇప్పటి పిల్లలు వాడి కాలిగోటికి చాలరు."

ఏనుగు గారు తలూపారు. బిరుదు అక్కడికక్కడే ఇచ్చేశారు. వచ్చే ఏడు ఎవరు ఆడతారని వరాలమ్మ అడిగింది గానీ, చప్పట్లలో ఎవరికీ వినబడలేదు.

నీతి: గొప్ప బ్యాట్స్‌మన్ అనిపించుకోవాలంటే బాగా ఆడితే చాలదు, ఆడటం మానెయ్యాలి.