మొండిపచ్చ మడికి తనిఖీ

ఒక పెద్ద అడవిలో, అంటే విస్తీర్ణంలోనే పెద్దది, రేగు, బలుసు, తంగేడు పొదలు తప్ప తలెత్తి చూడాల్సిన చెట్టంటూ లేని అడవిలో, ఎండునేల మొక్కల పరిశోధనా పీఠం అని ఒకటుండేది. వాన ఆ అడవికి ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చి, కాళ్లు కడుక్కునేలోపే వెళ్లిపోయేది.

పీఠాధిపతి ఎలుగుబంటి భల్లూకరావు గారు. ఎండునేల మొక్కల మీద ఆయన పేరుతో అరవై వ్యాసాలున్నాయి. ముళ్లకు బొచ్చు చిక్కుకుంటుందని మొక్కల దగ్గరికి మాత్రం ఎన్నడూ పోలేదు. గుట్ట కింద చల్లటి గుహలో కూర్చుని, ఎండలో తిరిగొచ్చినవాళ్లు రాసింది తెప్పించుకుని, అన్నిటికన్నా పైన తన పేరు రాసుకునేవారు.

ఆయనకు కుడిభుజం తొండ రంగప్ప. అధిపతి ఏం చెప్పినా తల ఆడించడం అతని ఉద్యోగం. చెప్పనప్పుడు కూడా ఆడిస్తూనే ఉండేవాడు, ఎందుకైనా మంచిదని.

ఇక పని చేసేవాడు ఒక్కడే, చుక్కల తాబేలు చుక్కయ్య. డాక్టరేటు పట్టా పుచ్చుకుని ఆరేళ్లయింది. అప్పట్నుంచీ అతను పోస్ట్‌డాక్టరల్ పరిశోధకుడు. అదేం ఉద్యోగమని పొరుగు పొదలో ఉండే కుందేలు చెవులమ్మ ఒకసారి అడిగింది.

"పెళ్లిచూపులయ్యాయి వదినా. ముహూర్తమే ఇంకా పెట్టలేదు," అన్నాడు చుక్కయ్య.

"ఆరేళ్లుగానా?"

"పిల్లవాడు నచ్చాడనే అంటున్నారు. ఇంకొక్క ఏడాది చూద్దామని ఏటా అంటున్నారు."

కిందటిసారి అచ్చయిన వ్యాసంలో పదకొండు పేర్లున్నాయి. అధిపతి, అధిపతి బావమరిది, గుహ ఊడ్చే అడవిపిల్లి, అందరూ అయ్యాక చుక్కయ్య పేరు. దానికింద మొక్క పేరొక్కటే ఉంది.

ఆ మొక్క పేరు మొండిపచ్చ. జింక డెక్కంత ఉంటుంది, అంతే. ఎండలు ముదిరితే ఆకులన్నీ లోపలికి ముడుచుకుని, నల్లబడి, పొయ్యిలోంచి తీసి పారేసిన బొగ్గుముక్కలా పడుంటుంది. ఎవరు చూసినా చచ్చిందనే అంటారు. తొలకరి చినుకు తగిలిందా, పొద్దుగూకేలోగా పచ్చగా విచ్చుకుంటుంది. ఎవరో చెవిలో పేరుపెట్టి పిలిచినట్టు లేస్తుంది.

చుక్కయ్య అలాంటివి ముప్పై మొక్కలు ఒక మడిలో పెంచాడు. రోజూ తెల్లారేసరికి వాటి పక్కన చేరి, ఒక్కోదాన్నీ ముక్కుతో తాకి, అచ్చం ప్రేమలేఖ రాసేవాడిలాగే దినచర్య పుస్తకంలో రాసుకునేవాడు. "ఈ రోజు కూడా ఏమీ జరగలేదు" అన్నదే ఆ ఉత్తరాలన్నిటి సారాంశం.

చెవులమ్మ కూడా ఆ మడి వంక ఆశగా చూసేది. వాన పడ్డాక గడ్డి మొలవాలంటే పది రోజులు పడుతుంది. ఆ పది రోజుల్లోనే ఆమె ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకునేది. మొండిపచ్చ గుట్ట వాలంతా ఉంటే మొదటి రోజే పిల్లల నోటికి పచ్చని ఆకు అందుతుంది. కానీ పీఠానికి ఒక నియమం ఉంది. మూడు ఎండాకాలాలు నీటిచుక్క లేకుండా బతికిందని తేలితేనే గింజలు బయట చల్లాలి. రెండు గడిచాయి. మూడోది నడుస్తోంది. అది కూడా గడిస్తే చుక్కయ్యకు ముహూర్తం పెడతారట, అంటే ఉద్యోగం ఖాయం చేస్తారట.

"ఇంకెన్నాళ్లు చుక్కన్నా?"

"నలభై రోజులు వదినా. ఎవరూ ఏమీ చెయ్యకపోతే చాలు."

కార్యాలయం అన్నాక ఎవరూ ఏమీ చెయ్యకపోవడం ఎప్పుడూ ఉండేదే. సరిగ్గా ఆ ఏడాదే వాళ్లకు పని చెయ్యాలనిపించింది.

పీఠానికి పైఅధికారులుండే పెద్ద చెరువు నుంచి ఉత్తరం వచ్చింది. పది రోజుల్లో తనిఖీ సంఘం వస్తుందని, దాని అధ్యక్షుడు కొంగ ధవళమూర్తి గారని. కరువు విషయంలో ఆయనంత పండితుడు లేడు. పుట్టి బుద్ధెరిగాక నీళ్లలోంచి కాలు బయట పెట్టలేదు. అంత దూరం నుంచి చూస్తేనే కరువు మొత్తంగా కనబడుతుందట.

భల్లూకరావు గారు అధిపతి అయిన పన్నెండేళ్లలో మొదటిసారి మడి దగ్గరికి వచ్చారు. దారిపొడవునా రంగప్ప ముళ్లు ఏరాడు.

"ఇవేమిటయ్యా, చచ్చిపోయాయి."

"లేదు సార్. నిద్రపోతున్నాయి," అన్నాడు చుక్కయ్య.

"తనిఖీ పెట్టుకుని నిద్రేమిటి? నేనే మానేశాను." ఆయన ఒక మొక్కను గోటితో పొడిచి చూశారు. "పచ్చబడాలంటే ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు సార్. అదే పరిశోధన."

"నీళ్లు పోస్తే?"

"పచ్చబడతాయి. పరిశోధన పోతుంది."

"మొక్క మిగుల్తుంది కదయ్యా. రంగప్పా, నీళ్లు పోయించు."

రంగప్ప అప్పటికే తల ఆడిస్తున్నాడు.

"సార్, రెండేళ్ల పని. చెవులమ్మ వదిన పిల్లలు..."

"నీ ఉద్యోగం గడువు ఎప్పటికి చుక్కయ్యా?"

"ఈ నెలాఖరుకి సార్."

"మంచిది. ఎండలో ఎక్కువగా మాట్లాడకు, నోరెండిపోతుంది."

నీళ్లు మోసే పని అడవిపందులకు అప్పజెప్పారు. ఎండిన వాగులో ఒకే ఒక్క చెలమ ఉంది. అడవంతా వంతులేసుకుని దాని నీళ్లే తాగుతోంది. పందులు అందులో పడి దొర్లి, బురదోడుతూ పరుగెత్తుకొచ్చి, మడి మీద ఒళ్లు దులుపుకునేవి. మళ్లీ పోయేవి.

"ఇంత సుఖమైన పరిశోధన నేనెక్కడా చూళ్లేదు," అంది ముసలి పంది.

చుక్కయ్య అడ్డం వెళ్లి నిలబడ్డాడు. పందులు అతన్నీ తడిపి పోయాయి. తాబేలు అడ్డం నిలబడినా అడ్డంలా ఉండదు కదా. సాయంత్రానికి ఇరవైతొమ్మిది మొక్కలు విచ్చుకున్నాయి. వేళకాని వేళ లేపిన పిల్లల్లా బిత్తరగా చూస్తున్నాయి.

మూలనున్న ముప్పయ్యో మొక్క మీదికి ఇంకా తడి చేరలేదు. చుక్కయ్య దాని చుట్టూ వెనకకాళ్లతో ఇసుక ఎగదోసి గట్టు కట్టాడు. తర్వాత నెమ్మదిగా దానిమీదికెక్కి, డొప్పతో కప్పేసి, తలా కాళ్లూ లోపలికి లాక్కున్నాడు. పది రోజులు అక్కణ్ణుంచి కదల్లేదు. ప్రేమించినవాళ్లు చాలా చేస్తారని వింటాం గానీ, ఎండలో బండరాయిలా పడుండటం చిన్న పనేం కాదు.

పదో రోజున ధవళమూర్తి గారు సంఘంతో సహా వచ్చారు. కాలు కాలకుండా ఒక తడి ఆకు కింద వేయించుకుని, దానిమీద ఒంటికాలిపై నిలబడి మడిని చూశారు.

"ఆహా. ఇది నీళ్లు లేకుండానే?"

"మూడు ఎండాకాలాల్లో చుక్క ఎరగదండీ," అన్నారు భల్లూకరావు గారు.

"ఎన్నాళ్లుగా ఇంత పచ్చగా ఉంది?"

"ఎప్పుడూ ఇంతేనండీ."

రంగప్ప తల ఆడించాడు.

"ఆ మూల ఆ రాయేమిటి?"

"మా పరిశోధకుడండీ."

"నిద్రా?"

రంగప్ప తల ఆడిస్తూనే ఉన్నాడు.

అప్పుడు చుక్కయ్య తల బయటపెట్టాడు. "అయ్యా, పది రోజులుగా నీళ్లు పోశారండీ. ఈ పచ్చదనం నీళ్లది. మీరు వెళ్లాక..."

"నిద్రలోంచి లేచినవాళ్లు ఏవేవో అంటారు," అన్నారు ధవళమూర్తి గారు జాలిగా. తర్వాత కళ్లు మూసుకుని ఆలోచించారు. చేప కోసం కాచినంతసేపు అలాగే ఉండి, తెరిచారు. "భల్లూకరావు గారూ, మనసు నిండిపోయింది. చుక్క నీరు లేకుండా, మండుటెండలో, ఇంత పచ్చదనం. అంటే ఈ అడవిలో కరువు లేదన్నమాట."

భల్లూకరావు గారి చిరునవ్వు సగంలో ఆగింది. "అంటే... కొద్దిగా ఉందండీ."

"ఎక్కడ? నా కళ్లకు కనబడలేదే. మీరు మధ్యలో నీళ్లేమైనా పోయించారా?"

"అబ్బే, లేదండీ."

"మరి కరువు లేనట్టే. కరువు లేని చోట కరువు మొక్కల పీఠం ఎందుకు? దీన్ని మూసేసి, మా చెరువు గట్టున పెడదాం. అక్కడ నాకు రానూపోనూ వీలు. ఏమంటారు?"

రంగప్ప తల ఆడించాడు. సంఘం దాన్నే పీఠం అంగీకారంగా రాసుకుంది.

పీఠం మూసేశారు. మూసివేతను పర్యవేక్షించే కమిటీకి భల్లూకరావు గారే అధ్యక్షులు. కాకపోతే గుహ ఖాళీ చేసి, ఎండలో కూర్చుని పర్యవేక్షించాల్సి వచ్చింది. నిద్రపోతున్నాడన్న కారణంతో చుక్కయ్య గడువు పొడిగించలేదు.

చెలమ పందుల పుణ్యమా అని బురదగుంటైంది. దానిలో చుక్క లేకపోయేసరికి పందులు రావడం మానేశాయి. నిద్రలో ఉన్నంతకాలం ఎండ మొక్కలనేం చెయ్యలేదు. లేపి నిలబెట్టాక తట్టుకోలేకపోయాయి. మూడు రోజుల్లో ఇరవైతొమ్మిది మొక్కలూ మాడిపోయాయి. చూడ్డానికి మునుపటిలాగే నల్లగా ఉన్నాయి. తేడా చుక్కయ్య ముక్కుకే తెలిసింది.

అతను మడి వదిలిపెట్టలేదు. వాగు అవతలికి వెళ్లి తేమ నాకి రావడం, మళ్లీ ముప్పయ్యో మొక్క పక్కన కూర్చోవడం. ఉద్యోగం లేదన్న మాటేగానీ పనిలో మార్పేమీ లేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం తంగేటి పొదల మీంచి మట్టి వాసన వచ్చింది. చుక్కయ్య పక్కకు జరిగాడు. మొదటి చినుకులు పడ్డాయి. బొగ్గుముక్క కాసేపు ఆలోచించింది. తర్వాత ఒక్కో ఆకూ తీసి, పొద్దుగూకేలోగా పచ్చగా కూర్చుంది.

చెవులమ్మ ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. "ఒక్కటేనా చుక్కన్నా?"

"ఒక్కటే వదినా. శీతాకాలానికి నూరు గింజలిస్తుంది."

"పిల్లలు కొరకొచ్చా?"

చుక్కయ్య ఒక్కో ఆకునీ ముక్కుతో తాకి చూశాడు. "కింది రెండాకులు ఇవ్వు. చిన్నదానికి ముందు," అన్నాడు.

అప్పుడే రంగప్ప వచ్చాడు, తల ఆడించుకుంటూ. "చుక్కయ్యా, ఒకటి బతికిందట గదా. మూడో ఎండాకాలం గడిచినట్టేనని అయ్యగారు అన్నారు. నువ్వు రాసినవన్నీ పంపిస్తే, పైన పేరు ఆయన రాసుకుంటారట."

చుక్కయ్య తలా కాళ్లూ డొప్పలోకి లాక్కున్నాడు.

"నిద్రపోతున్నాడని చెప్పన్నా," అంది చెవులమ్మ.

రంగప్ప తల ఆడించి వెళ్లిపోయాడు.

ఇందులో నీతి ఏమిటంటే, మొక్కను కరువు నుంచి కాపాడక్కర్లేదు, తనిఖీ నుంచి కాపాడితే చాలు.