బాణలిలో ఈస్టర్ నీళ్ళు

షోదియేర్ నది వరద చెక్కవంతెనను పట్టుకుపోయిన మరుసటి ఏడు. ఆ వరదలోనే ఎగ్జిల్దా ముసలమ్మ ఈస్టర్ నీళ్ళ సీసా కూడా పోయింది. ఈస్టరు నాడు పొద్దు పొడవక ముందే వాగులో ప్రవాహానికి ఎదురుగా ముంచిన నీళ్ళు ఏడాదంతా చెడవు. రాసుకుంటే నొప్పులు పోతాయి. ఇల్లు చేరేదాకా మాత్రం నోరు విప్పకూడదు. విప్పితే ఉత్త నీళ్ళే. సీసా పోయాక ఆమె మోకాళ్ళు ఒక్క రాత్రీ నిద్రపోనివ్వలేదు.

ఆ ఏటి ఈస్టరు పొద్దున వాగులో బకెట్టు నింపుకుని వస్తూ, అల్లుడు లుడ్జేర్ మేపుల్ చెట్ల రసాన్ని తియ్యటి సిరప్‌గా కాచే పాక గుమ్మంలో కాసేపు కూలబడింది. అతను రెండు రోజులుగా పొయ్యి దగ్గరే ఉన్నాడు. ఏ వారమో కూడా తెలియదు. చెట్టు నుంచి దించిన రసమూ నీళ్ళలాగే ఉంటుంది. అత్తగారు సాయానికి రసం మోసుకొచ్చిందని మురిసిపోయి, బకెట్టెత్తి బాణలిలో ఒంపేశాడు.

ముసలమ్మ లేచి బకెట్టు పట్టుకుంది. అప్పటికే సగం పోయింది.

"ఏంటత్తయ్యా, ఏమైంది?"

ఆమె నోరు చూపించింది, ఇల్లు చూపించింది, కర్రతో నేల కొట్టింది. మాట పడిపోయిందనుకున్నాడు లుడ్జేర్. గుడికి బండి కట్టిన పక్కింటి అదెలార్‌ను కేకేశాడు. అదెలార్ వెళ్ళి పూజ బట్టల్లో ఉన్న ఫాదరును, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు పూసే చివరి తైలంతో సహా ఎక్కించుకొచ్చాడు. వెనకాలే సగం ఊరు.

చేసిన పాపాలకు బాధపడుతున్నావా అని ఫాదరు అడిగాడు. ముసలమ్మ తైలం వద్దని తల అడ్డంగా ఊపింది. ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. నలుగురు ఆమెను ఎత్తి బండిలో పడుకోబెట్టారు. బకెట్టు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఇంటి గడప దాటాక నోరు విప్పింది.

"దున్నపోతా, సగం నీళ్ళు బాణలిలో పోశావు. మిగిలినవి ఒక్క మోకాలికి కూడా చాలవు. ఆ సిరప్ అంతా నాది."

"మీ నీళ్ళు ఆవిరైపోయాయి కదా అత్తయ్యా."

"నీళ్ళు పోతాయి. మహిమ ఎక్కడికి పోతుంది? ఫాదరును అడుగు."

ఫాదరుకు పూజకు ఆలస్యమవుతోంది. పోదన్నాడు.

పన్నెండు సీసాల సిరప్ ముసలమ్మ అలమారలోకి చేరింది.

మర్నాడు పొద్దున లుడ్జేర్ సిరప్ చుక్క లేకుండా ఉత్త అట్లు తిన్నాడు. ఎదురుగా కూర్చుని అత్తగారు రెండు మోకాళ్ళకూ సిరప్ రాసుకుంటోంది.