చూశానన్నవాడి సుఖం

ఒకే గంట మోతకు ఇద్దరు కాపలా ఉండటమంత సుఖమైన ఏర్పాటు ఈ లోకంలో మరొకటి లేదు! కాదన్నవాళ్లు వచ్చి నా తలుపు కొట్టవచ్చు. నేను మాత్రం లేవను. ఇంట్లో ఇంకొకరు లేస్తారు.

పదిమంది చేతిలో పాము చావదని పెద్దలంటే మనం దాన్ని తిట్టుగా తీసుకున్నాం. ఒక్కసారి పాము వైపు నుంచి ఆలోచించారా? ఎంత చల్లని మాట! మా భవనంలో లిఫ్ట్ ఆగిపోయి పదకొండు రోజులైంది. నలభై ఇళ్లవాళ్లం, ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారన్న నిండు నమ్మకంతో మెట్లెక్కుతున్నాం. ఇరుగుపొరుగు మీద ఇంత విశ్వాసం ఏ కాలంలోనైనా ఉండేదా? పైగా నేను రెండు కిలోల బరువు తగ్గాను.

ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకేమిటంటారా? నేను డ్రైవర్లు రాస్తాను. యంత్రంలో ఒక్కో భాగం చేత పనిచేయించే ప్రోగ్రామును మావాళ్లు డ్రైవరంటారు. మా మామగారు ఇప్పటికీ నాకు లైసెన్సు ఉందనే అనుకుంటున్నారు.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఒక యూఎస్‌బీ కంట్రోలర్. కన్నం ఒక్కటే, వేషాలు రెండు. పెన్‌డ్రైవ్ పెడితే అది దొర, ఆజ్ఞలిస్తుంది. కంప్యూటర్‌కు తగిలిస్తే అదే బంటు, ఆజ్ఞలు వింటుంది. ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా బతికే నాబోటి వాళ్లకు ఇదేమంత కొత్త కాదు.

దొర పనికొక కోడ్, బంటు పనికొక కోడ్. ఇద్దరికీ కలిపి గంట ఒక్కటే. దాన్ని మేం ఇంటరప్ట్ అంటాం. గంట మోగగానే ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్లి ఒకే పలక చూడాలి. తన పేరున ఏదైనా రాసి ఉంటే ఆ పని చేసి, ఆ ఒక్క గీతే తుడిచి, "నాదే" అనాలి. లేకపోతే "నాది కాదు" అనాలి. ఇంతకంటే ఇందులో చదువేమీ లేదు.

నేను రాసిన బంటు నాకంటే తెలివైనవాడు. పలక మీద ఎవరి పేరుందో చదివే శ్రమ వాడికెందుకు? ముందు తాను వెళ్లినప్పుడల్లా పలకంతా ఒక్క తుడుపు తుడిచేసి, "చూశాను, అయిపోయింది!" అని వచ్చేస్తాడు. వెనకాలే దొర వెళ్లేసరికి పలక అద్దంలా ఉంటుంది. ఆయనా హాయిగా కూర్చుంటాడు. ఇద్దరికీ సుఖమే కదా!

మా టెస్టర్ ఆవిడకు మాత్రం ఈ సుఖం గిట్టలేదు. ఆఫీసులో ఆమెను భూతద్దం అంటారు.

"సార్, పెన్‌డ్రైవ్ పెడితే పదిసార్లలో మూడుసార్లు పలకట్లేదండీ," అంది.

పెన్‌డ్రైవ్ మార్చి చూడమన్నాను. ఆరు మార్చింది. కేబుల్ మార్చమన్నాను, అదీ మార్చింది. "ఇంక మిగిలింది మీ కోడేనండీ. అదీ మార్చి చూద్దామా?" అంది. అహంకారం కాకపోతే ఏమిటి!

నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తాను. భోజనాల బల్ల మీద సగం నా బోర్డులు, వైర్లు. ఆ సోమవారం నాలుగో తరగతి చదివే మా అమ్మాయి ఒక కాగితం తెచ్చింది.

"నాన్నా, క్లాసంతా నక్షత్రశాలకెళ్తున్నాం. సంతకం కావాలి. బుధవారం ఆఖరు."

"ఆఁ, చూశానమ్మా," అన్నాను, తల తిప్పకుండా.

కళ్లద్దాల షాపులో పనిచేసే మా ఆవిడ సాయంత్రం వచ్చి, "స్కూలు కాగితమేదో ఉందట, ఏమైంది?" అని అడిగింది. "అయిపోయింది," అన్నాను. ఆమె పాపం నా మాట నమ్మింది. చూశారా, ఒక్క మాటతో ఇద్దరి పని ఎలా తప్పించానో?

శుక్రవారం క్లాసంతా నక్షత్రశాలకెళ్లింది. మా అమ్మాయి మూడో తరగతి పిల్లల మధ్య కూర్చుని బొమ్మకు రంగులేసి ఇంటికొచ్చింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

శనివారం నేను బోర్డు పైకెత్తితే దాని కింద ఆ కాగితం ఉంది. బల్ల మీద గీతలు పడకుండా నేనే వేసుకున్నాను. సంతకం చోట నా టీ గ్లాసు ముద్ర.

తప్పు చేసినవాడికి గొంతు పెద్దది కదా! "గట్టిగా చెప్పొద్దూ?" అని పిల్లనే గద్దించాను.

"చెప్పాను నాన్నా. చూశానన్నావుగా."

"నేనూ అడిగాను. అయిపోయిందన్నారు," అంది మా ఆవిడ, కూరలు తరుగుతూనే.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గులోనే కూర్చుని నా కోడ్ మొదటిసారి సరిగ్గా చదివాను. నాలుగే నాలుగు వరుసలు మార్చాను. ఇప్పుడు మా బంటు తన గీత మాత్రమే తుడుస్తాడు, తనది కానప్పుడు కాదని ఒప్పుకుంటాడు. సోమవారం భూతద్దం రెండొందల సార్లు పెన్‌డ్రైవ్ పెట్టి తీసింది. రెండొందల సార్లూ పలికింది.

మర్నాడు స్కూలు నుంచి ఈత పోటీల కాగితం వచ్చింది. పెన్ను తీసి, చెయ్యి చాచి కూర్చున్నాను. పిల్ల నా బల్ల దాటుకుని వంటగదిలోకి వెళ్లింది.

"ఇప్పుడు కుదరదే, అక్కడ పెట్టు," అంటోంది వాళ్లమ్మ.

"నాకివ్వమ్మా, నేను చూస్తాను!"

"వద్దులే నాన్నా. నువ్వయితే చూశానంటావు. అమ్మ చూడకపోతే చూడలేదంటుంది. అమ్మే నయం."

అప్పటి నుంచి నన్ను కదిపేవాళ్లు లేరు పాఠకులారా! డ్రైవర్ గడువుకు మూడు రోజుల ముందే పూర్తయింది. మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఇంతకంటే ఏం కావాలి?

నిన్న ఎవరో పిలిచినట్టనిపించి మూడుసార్లు లేచి వెళ్లాను. పిల్ల లెక్కలు చేసుకుంటోంది. "ఏమైనా కావాలా?" అని మూడుసార్లూ అడిగాను.

"ఏం లేదు నాన్నా. నువ్వు పని చేసుకో," అంది, తల తిప్పకుండా.