అంబాదాస్ అన్న ఊపిరి సంచి

చచ్చిన మనిషిని పదకొండు సార్లు బతికించిన నాయకుడు ఈ భూప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. పేరు అంబాదాస్, ఉండేది సోలాపూర్‌లోని జోడ్‌భావి పేట్. పదకొండు సార్లూ బతికింది ఒకే మనిషి కావడం ఆయన పట్టుదలకు నిదర్శనం.

అంబాదాస్ అన్న అప్పటికింకా కార్పొరేటర్ కాలేదు. మూడు ఎన్నికల నుంచి కాబోతున్నాడు. అయినవాడికంటే కాబోయేవాడు ఎక్కువ కష్టపడతాడు గనుక, ఒకనాటి పొద్దున కుంఠా నాకా కూడలిలో ఆటోకు మైకు కట్టించి తానే ప్రకటించాడు.

"ఇగ నుంచి మన వార్డుల నా పర్మిషన్ లేకుంట ఎవ్వరి ఊపిరీ ఆగొద్దు. ఇది నా గ్యారంటీ."

ఈ గ్యారంటీకి కారణం ఒక పెట్టె. ముంబయి నుంచి ఎవరో ధర్మాత్ములు కుంఠా నాకా మునిసిపల్ దవాఖానాకు పంపారు. అందులో కొబ్బరి బోండాం అంత రబ్బరు సంచి, దాని మూతికి ఒక కవాటం, ముక్కూ నోరూ కప్పే మాస్కు ఉన్నాయి. ఊపిరి ఆగినవాడి మొహానికి మాస్కు బిగించి సంచి పిసికితే గాలి ఒంట్లోకి పోతుంది. పోయిన గాలి మళ్ళీ సంచిలోకి రాకుండా కవాటం చూసుకుంటుంది. ఒకసారి పోయింది తిరిగి రాకుండా చూసుకునే ఆ ఏర్పాటు అంబాదాస్ అన్నకు ఎవరూ విడమరిచి చెప్పకుండానే అర్థమైంది.

"దీన్ని అంబు బ్యాగ్ అంటరు," అంది దవాఖానా నర్సు శీతల్ సిస్టర్.

అంబాదాస్ అన్న కళ్ళు చెమర్చాయి. వాళ్ళమ్మ అంజమ్మ ఉయ్యాల నాటి నుంచి ఆయన్ని అంబూ అనే పిలుస్తుంది.

"కంపెనీవాళ్ళకు నా పేరు ఎవరు జెప్పిన్రు?"

"ఎవ్వరు జెప్పలేదన్నా. దేశంల అన్ని దవాఖాన్లల్ల గిదే పేరు."

"అన్ని దవాఖాన్లల్ల," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "నాకు ఒక్క మాట జెప్పలే సూడు."

ఆ సాయంత్రానికల్లా సంచి మీద ఆయన ఫోటో అతికించారు. సంచి పిసికినప్పుడల్లా ఫోటోలో అన్న బుగ్గలు లోపలికి పోయి, వదలగానే నిండుగా ఉబ్బేవి. ప్రజల కోసం సొంత ఊపిరి ధారపోస్తున్నట్టే ఉందని కార్యకర్తలు ముక్తకంఠంతో అన్నారు. అనని ఒక్క కార్యకర్త రాజారాం.

రాజారాం టవళ్ళు నేసే సాంచా మీద పని చేస్తాడు. పవర్‌లూమ్‌ను సోలాపూర్‌లో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళు సాంచా అంటారు. అతని తండ్రి లింగయ్య కూడా నలభై ఏళ్ళు ఆ పనే చేశాడు. పోగుల నుంచి లేచే దూది దుమ్ము ఆ నలభై ఏళ్ళూ ఆయన ఊపిరితిత్తుల్లో సర్దుకుని కూర్చుంది. ఎప్పుడైనా ఊపిరి ఆగిపోవచ్చు, నాలుగు నిమిషాల్లో గాలి అందితేనే మనిషి దక్కుతాడు అని పెద్ద డాక్టరు చెప్పి పంపాడు. రాజారాం ఇల్లు దవాఖానాకు నాలుగిళ్ళ అవతల. సంచిని మాత్రం జోడ్‌భావి పేట్‌లో తన ఆఫీసు అద్దాల అల్మారాలో పెట్టాలని అన్న ఉద్దేశం.

రాజారాం పోయి ఆయన ముందు నిలబడ్డాడు.

"అన్నా, సంచి మా దవాఖాన్లనే ఉండనియ్. మా బాపు సంగతి నీకు తెల్సు. నీ ఆఫీసుకు వచ్చి తీస్కపోయేదాంక ఆయన ఆగడు."

"ఉంచుత. మరి నాకేం జేస్తవ్?"

"ఏది జెయ్యమంటే అది."

"సస్తవా?"

రాజారాం కాస్త ఆలోచించాడు. "ఎన్ని దినాలు?"

అలా ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత పదిహేను రోజులూ అన్న ఎక్కడ సభ పెడితే అక్కడ రాజారాం వేదిక మీద కుప్పకూలేవాడు. శీతల్ సిస్టర్ మాస్కు పెట్టేది, అన్న సంచి పిసికేవాడు, రాజారాం లేచి జై కొట్టేవాడు. మొదట్లో పదకొండు సార్లు అన్నాను గానీ, లెక్కకు తొమ్మిదే. రెండు సార్లు అతను రాత్రి పాళీ చేసి వచ్చి నిజంగానే నిద్రపోయాడు. అన్న ఎంత పిసికినా లేవలేదు, పెళ్ళాం సావిత్రి వచ్చి తిడితే లేచాడు. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, ఆ తొమ్మిది సార్లు కూడా అతను చావలేదు.

"దినాం ఊరందరి ముంగట సస్తున్నవ్," అనేది సావిత్రి, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ. "ఒక్క దినమన్న ఇంట్ల సావరాదు? నీళ్ళు పట్టేదుంది."

అయితే రాజారాం ఊరికే చావలేదు. చస్తూ చస్తూ విద్య నేర్చుకున్నాడు. మాస్కు వదులైతే గాలి చెవుల పక్క నుంచి జారిపోవడం పిసికేవాడికి తెలియదు, శవానికే తెలుస్తుంది. గడ్డం పైకెత్తితేనే గాలి గొంతు దిగుతుందన్నదీ శవానికే తెలుస్తుంది. ఛాతీ నొక్కడం బతికున్నవాళ్ళ మీద చేయకూడదని సిస్టర్ టవళ్ళ మూట మీద చూపించింది. ముప్పై సార్లు నొక్కాలి, సంచితో రెండు సార్లు గాలి ఇవ్వాలి, మళ్ళీ ముప్పై. నొక్కేది ఒకరు, పిసికేది ఒకరు, మాస్కు రెండు చేతులా బిగించి పట్టేది మూడో మనిషి.

"ఎంత జల్ది నొక్కాలె సిస్టర్?"

"నిమిషానికి నూరు నుంచి నూటిరవై."

"గంతేనా? మా సాంచా నూటపది కొడ్తది," అన్నాడు రాజారాం. ఆ తర్వాత అతనికి గడియారంతో పని పడలేదు.

ఇంతలో ఎన్నికల తేదీ వచ్చింది. తేదీతోపాటు ఆచారసంహిత, అంటే ఎన్నికల కోడ్ వచ్చింది, దాని వెంట జీపులో అధికారి అభిజిత్ సాహెబ్ వచ్చాడు. అంత నిష్ఠ గల అధికారిని సోలాపూర్ మళ్ళీ చూడబోదు. ముందు రోజే, ఒక అభ్యర్థి గుర్తు గొడుగు కదా అని, ఎండన పడి పోతున్న ముసలమ్మ చేత గొడుగు మూయించి వచ్చాడు. అంబాదాస్ అన్న ఫోటోతో ఒక సంచి ఊపిరి పంచుతున్నదని ఆయనకు ఫిర్యాదు అందింది.

దవాఖానాలో పంచనామా మొదలైంది. ఫోటో గోకి తీసేశారు. కానీ రబ్బరు మీద 'అంబు' అని అచ్చుపోసిన అక్షరాలు గోటికి రాలేదు.

"ఇది అభ్యర్థి పేరే కదా?" అని మరాఠీలో అడిగాడు అభిజిత్ సాహెబ్.

"కాదు సాహెబ్, వస్తువు పేరు," అంది సిస్టర్.

"అభ్యర్థిని ఇంట్లో ఏమని పిలుస్తారు?"

"అంబూ అంటం," అంది పంచనామా చూడవచ్చిన అంజమ్మ, కొడుకు సంగతి సర్కారు ఇంత శ్రద్ధగా అడుగుతున్నందుకు మురిసిపోతూ.

సాహెబ్ రాసుకున్నాడు. "దీన్ని వాడితే ఓటరు ప్రభావితుడవుతాడా?"

"బతికితే అయితడు సాహెబ్," అన్నాడు రాజారాం.

"బతకకపోతే?"

"అప్పుడు ఓటరే గాడు."

సాహెబ్ ముఖం గంభీరమైంది. "అయితే పనిచేసిన ప్రతిసారీ ఉల్లంఘనే. మిగతా తొమ్మిది మంది అభ్యర్థుల పేర్లతో కూడా తలా ఒక సంచి తెప్పించండి. రోగి తనకు నచ్చింది ఎంచుకుంటాడు."

"ఊపిరి ఆగినోడు ఎట్ల ఎంచుకుంటడు సాహెబ్?" అంది సిస్టర్.

"గుర్తులు ఉంటాయి కదా."

తొమ్మిది సంచులు ఎక్కడా దొరకవని తేలాక, ఉన్న ఒక్క సంచినీ సోలాపూర్ చద్దర్‌లో చుట్టి, నాలుగు వైపులా కుట్టించి, లక్క ముద్ర వేయించాడు. అవసరం పడితే ఏక ఖిడ్కీ అనే అనుమతుల కౌంటరులో దరఖాస్తు పెట్టుకోవాలి, నలభై ఎనిమిది గంటల్లో అనుమతి వస్తుంది.

"నాలుగు నిమిషాలే టైముంటది సాహెబ్," అన్నాడు రాజారాం.

"అందుకే ముందుగా పెట్టుకోవాలి," అన్నాడు సాహెబ్ ఓపికగా.

రాజారాం ఆ మాట పట్టుకుని ఆ రోజే దరఖాస్తు పెట్టాడు. ఫారంలో 'కార్యక్రమం జరుగు తేదీ' అని ఒక గడి ఉంది. తండ్రిని అడిగాడు.

"ఐతారం రాయి," అన్నాడు లింగయ్య దగ్గు మధ్య. "నీకు గూడ సుట్టి ఉంటది."

లింగయ్య ఆ ఆదివారం దాకా ఆగలేదు. గురువారం సాయంత్రం కుంఠా నాకాలో అంబాదాస్ అన్న సభ. ఆడవాళ్ళు చాటలతో సహా వచ్చి బీడీలు చుడుతూ వింటున్నారు. మా దగ్గర ఉపన్యాసాన్ని గడియారంతో కొలవరు, అది అయ్యేలోపు చుట్టిన బీడీ కట్టలతో కొలుస్తారు. అంబాదాస్ అన్నది మామూలుగా రెండు కట్టల ఉపన్యాసం. ఆ రోజు వీడియో తీసే మనిషి రాలేదు గనుక అభిజిత్ సాహెబే కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. మొదటి కట్ట ఇంకా ముడి పడలేదు, ముందు వరుసలో కూర్చున్న లింగయ్య కుర్చీలోంచి ఒరిగి నేల మీద పడ్డాడు.

జనం చప్పట్లు కొట్టారు.

"కొడుకు పని తండ్రి అందుకున్నడు," అన్నారెవరో.

"ముసలోడు మంచిగ పడ్డడు. రాజారాం మోకాలు ముంగట పెట్టి పడ్తుండె."

వేదిక మీద అన్న మాత్రం కంగారు పడ్డాడు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "అరే రాజారాం, కోడ్ నడుస్తున్నది, డెమో బంద్ అని జెప్పలే?" అన్నాడు. చెయ్యి సరిగ్గా అడ్డం పడలేదు. ఆ మాట నాకా అంతా వినబడింది.

రాజారాం వినలేదు. తండ్రి ఛాతీ మీద వాలిపోయి ఉన్నాడు. పక్క షెడ్డులో సాంచాలు నూటపది మీద కొడుతున్నాయి. వాటితోపాటు అతని చేతులూ కొడుతున్నాయి. శీతల్ సిస్టర్ దవాఖానా నుంచి చద్దర్ మూట చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అందరూ లక్క ముద్ర వైపు చూశారు. చప్పట్లు అప్పటికి ఆగాయి.

"అనుమతి ఐతారానికి అడిగారు," అన్నాడు సాహెబ్.

సావిత్రి చాటలోంచి ఆకు కోసే కత్తెర తీసింది. "జర పక్కకు జరుగు సాహెబ్," అంటూ చద్దర్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు కోసేసింది.

అప్పుడు జరిగింది చూడాలి. అంత నిష్ఠ గల అధికారి కెమెరా పక్కన పెట్టి, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, లింగయ్య గడ్డం పైకెత్తి, రెండు చేతులా మాస్కు బిగించి పట్టాడు. సిస్టర్ సంచి పిసికింది. రాజారాం ముప్పై నొక్కాడు. రెండు ఊపిర్లు. మళ్ళీ ముప్పై. ఎన్ని ముప్పైలు అయ్యాయో తెలియదు. జనంలో ఒక్కరూ దగ్గలేదు. చివరికి లింగయ్య ఛాతీ తనంతట తాను ఒకసారి లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది.

ఆయన కళ్ళు తెరిచాక జనం అలవాటుగా జై కోసం ఎదురుచూశారు. లింగయ్య కొడుకు చెవిలో అన్నాడు:

"గాలి మొత్తం తంబాకు వాసనొస్తుందేందిరా?"

అభిజిత్ సాహెబ్ బీడీ గానీ సిగరెట్టు గానీ ముట్టని మనిషి. ఆ వాసన ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. లింగయ్యను ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చారు. అక్కడి డాక్టరు విరిగిన రెండు పక్కటెముకలు చూసి, "బరోబర్ నొక్కిండ్రు," అని మెచ్చుకున్నాడు.

మూడో రోజున అంబాదాస్ అన్నకు నోటీసు వచ్చింది. అభ్యర్థి పేరున్న పరికరంతో ఒక ఓటరుకు ప్రాణం అనే ప్రలోభం చూపారని అభియోగం. సాక్ష్యంగా ఏడు నిమిషాల వీడియో, ఎక్కడా తెగకుండా. అన్న అఫిడవిట్ రాయించి, సాక్షి సంతకానికి రాజారాంను పిలిపించాడు.

"రెండే ముచ్చట్లు," అన్నాడు. "ఒకటి, గా సంచికి నాకు ఏ సంబంధం లేదు. నన్ను అంబూ అని ఎవ్వరూ పిలువరు. రెండోది, మీ బాపు ఊపిరి ఆగనే లేదు. నాటకం జేసిండు."

"నేను పడ్డప్పుడు నిజంగ సచ్చిండని మైకుల జెప్తివి," అన్నాడు రాజారాం. "బాపు నిజంగ పోయినప్పుడు నాటకమంటవా అన్నా?"

"అరే, టికెట్టు పోతదిరా."

లోపలి నుంచి అంజమ్మ కేకేసింది. "అంబూ, చా తాగుతవా?"

అన్న పలకలేదు. ఆచారసంహిత మీద ఆయనకున్న గౌరవం అది.

రాజారాం కాగితం రెండుసార్లు చదివాడు. రెండో ముచ్చటను కొట్టేయించి, మొదటి దాని కింద సంతకం చేశాడు. తర్వాత దాని నకలు పట్టుకుని తిన్నగా అభిజిత్ సాహెబ్ దగ్గరికి పోయాడు.

"సాహెబ్, గీ పేరు ఆయనది గాదని ఆయనే రాసిచ్చిండు."

"అయితే?"

"అయితే సంచి ఎవ్వరిది గాదు. ఎవ్వరిది గాని సంచిని మళ్ళ చద్దర్‌ల ఎందుకు కుట్టిపియ్యాలె?"

సాహెబ్ నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. ఎక్కడా అడ్డు దొరకలేదు. సంచి దవాఖానాలో తెరిచే ఉంచవచ్చని రాసిచ్చాడు. కోసిన చద్దర్ మాత్రం సర్కారు సొత్తు గనుక, కుట్టించి జమ చేయమన్నాడు. సావిత్రి కుట్టింది. జమ అయింది. లింగయ్య ఇంటికి వచ్చి ఎప్పటిలాగే దగ్గుతున్నాడు. ఇంట్లో ఎవరికీ ఆ దగ్గు ఇప్పుడు విసుగనిపించడం లేదు.

ఇక నా మాట. చద్దర్ కప్పిన సంచి, తొమ్మిది గుర్తులు, ఐతారం దరఖాస్తు, అఫిడవిట్, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఒక్కటి మాత్రం నా కల్పన. అధికారి కెమెరా పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చుని మాస్కు పట్టాడన్నాను చూడండి, అది. కెమెరా ఆయన చేతిలోంచి దిగనే లేదు, మాస్కు పట్టిన చేతులకు బీడీ పొగాకు వాసన ఉంది. అంత పెద్ద కథలో సర్కారుకు కూడా ఏదో ఒక పని ఉండాలి గదా అని పెట్టాను.